సోలాపూర్ నుంచి సూర్యాపేటకు ఒక బొలెరో

మాది సూర్యాపేటలో టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, స్టేజీ సామాను కిరాయికిస్తాం. ఆరేళ్లుగా ఎవరి బండి దొరికితే దాని మీదే సామాను పంపేవాణ్ణి. మొన్న మాఘమాసం ముహూర్తాల్లో బండి దొరక్క, ఒక పెళ్లింటికి పందిరి గుంజలు తెల్లవారుజామున మూడింటికి గానీ చేరలేదు. పెళ్లికూతురి తండ్రి ఒక్క మాట అనలేదు. కానీ ఆయన ముఖం చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఎట్లాగైనా సొంత బండి కొనాలని ఆ రోజే అనుకున్నాను.

కొత్తదానికి డబ్బు చాలదు. ఇక్కడి సెకండ్ హ్యాండ్ బండ్లు చూస్తే ఒకటి ఇసుక తోలింది, ఇంకోటి రాయి మోసి నడుం వంగిపోయింది. అప్పుడు మా బజార్లో చద్దర్లు అమ్మే సేటు ఒక మాట చెప్పాడు. సోలాపూర్‌లో తనకు సరుకు వేసే ఆయన 2018 మోడల్ బొలెరో పికప్ అమ్ముతున్నాడట. అది దుప్పట్లు, టవళ్లు తప్ప వేరే లోడు ఎరగదట.

బండి నంబరు ఎంహెచ్ 13, అంటే సోలాపూర్‌దే. బండి వివరాలు చూపించే ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టి చూశాను. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులోనే ఉన్నాయి. బండి మీద ఫైనాన్స్ అప్పు మాత్రం ఇంకా ఉన్నట్టు చూపించింది. ఫోన్ చేసి అడిగితే, "అది ఎప్పుడో తీర్చేసిన తమ్ముడూ, వచ్చి చూసుకో" అన్నారు. మా మెకానిక్‌ని వెంటబెట్టుకుని సికింద్రాబాద్‌లో రైలెక్కాను. తాండూరు, వాడి, కలబురగి దాటి రాత్రికి సోలాపూర్‌లో దిగి, ఆయనకు ఫోన్ చేసి ఒక్కటే కోరాను: "పొద్దున మేం వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయకండన్నా." అది మెకానిక్ పెట్టిన షరతు. వేడి ఇంజన్ ఏ జబ్బునైనా దాచేస్తుందంటాడు.

సోలాపూర్ తూర్పు పేటలో నడుస్తుంటే మహారాష్ట్రలో ఉన్నామనే అనిపించలేదు. ఎప్పుడో తరాల కింద మన వైపు నుంచి మగ్గం పనికి వలసపోయిన పద్మశాలీల ఇళ్లు అవి. వీధిలో తెలుగు వినిపిస్తుంది, మార్కండేయుడి గుడి ఉంటుంది, సందుల్లోంచి పవర్‌లూమ్‌ల చప్పుడు వస్తుంది. బండి అమ్మే ఆయన తెలుగులో సగం మరాఠీ కలిసింది. వాళ్ల తాత కరీంనగర్ వైపు నుంచి వచ్చాడట. "మగ్గాలు అమ్మేసిన. ఇంక బండితో ఏం పని?" అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన చూపు మా మీద లేదు, బండి మీద ఉంది.

మెకానిక్ ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. సగం తిప్పేసరికి ఇంజన్ అందుకుంది. పొగ గొట్టం దగ్గర కాసేపు నిలబడి చూశాడు, నీలం పొగ లేదు. ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీసి అక్కడ అరచెయ్యి అడ్డం పెట్టాడు. లోపల్నుంచి పొగ తన్నుతుంటే పిస్టన్ రింగులు అరిగాయని లెక్క. తన్నలేదు. తర్వాత గోనెసంచి పరుచుకుని కిందకు దూరాడు. చాసిస్ మీద వెల్డింగ్ అతుకులున్నాయా, కమాన్లలో (స్ప్రింగుల్లో) పట్టీ విరిగిందా అని టార్చ్ వేసి ఒక్కో జానా చూశాడు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే పదిహేడు అక్షరాలూ తెల్లగా తేలాయి. ఆర్‌సీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చదివి సరిచూశాం. ఈ ఒక్క పని చేయక మునిగినవాళ్లు నాకు తెలుసు.

నడిపి చూద్దామని ఎక్కాను. గేర్ రాడ్ గుండుకి చద్దరు అంచు ముక్క కుట్టి తొడిగి ఉంది, ఎరుపూ పసుపూ గీతలతో. వాళ్ల ఇంటావిడ కుట్టిందట. నేను క్లచ్ తొక్కకముందే ఆయన అన్నారు: "తమ్ముడూ, పొద్దున చల్లగ ఉన్నప్పుడు సెకండ్ గేర్ గీరుతది. రెండు కిలోమీటర్లు పోతే సర్దుకుంటది. నీకు చెప్పకుండ అమ్మితే నాకు మంచిగుండదు." నిజంగానే గర్రుమంది. మెకానిక్ నా వైపు చూసి తలూపాడు. అంతసేపూ ఉన్న టెన్షన్ నాకు అక్కడ దిగింది. ఆయన 4,75,000 అన్నారు, 4,50,000కి మాట కుదిరింది.

అయినా ఆ రోజు బండి తెచ్చుకోలేదు. అప్పు తీరింది నిజమే, నో డ్యూస్ లెటర్ చూపించారు. కానీ ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు కొట్టేయించలేదు. ఆ లెటర్ కూడా పాతదైపోయింది. కొత్తది తెచ్చి, ఫారం 35 పెట్టి ఆ పేరు తీయించాలి. ఆ తర్వాతే ఫారం 28 మీద సోలాపూర్ ఆర్టీవో ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం ఇస్తారు. ఎన్‌ఓసీ లేకుండా పక్క రాష్ట్రం బండి మన పేరు మీదికి రాదు. చలాన్లు, ట్యాక్సు బాకీ ఉంటే అదీ కట్టాలి. 20,000 అడ్వాన్సు ఆయన ఖాతాలో వేసి, కాగితం రాసుకుని తిరిగొచ్చాం. "అంతదూరం పోయి ఉత్త చేతుల్తో వచ్చినవా" అని ఇంట్లో అన్నారు. బండి ముందు తెచ్చుకుని కాగితాల కోసం ఫోన్లు చేస్తూ కూర్చోవడం కంటే ఇదే మేలని నా నమ్మకం.

నెల దాటాక ఎన్‌ఓసీ ఫొటో పంపారు. మళ్లీ పోయాం. మిగతా డబ్బు ఆర్‌టీజీఎస్ చేశాను. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకుంటే చట్టం ఒప్పుకోదు. పేరు మార్పుకు పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక ఆయనే డెలివరీ కాగితం అడిగారు. పేరు మారేలోపు యాక్సిడెంట్ జరిగితే కోర్టు ముందు ఆయన్నే పిలుస్తుంది. న్యాయమైన భయం. తేదీతో పాటు ఉదయం 9.40 అని టైమ్ కూడా వేసి ఇద్దరం సంతకాలు పెట్టాం. వాళ్ల ఇంటావిడ నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, మాకు జొన్న రొట్టెలు, పల్లీల పొడి కట్టిచ్చింది.

దారంతా 65వ నంబరు జాతీయ రహదారే. మా సూర్యాపేట పక్కనుంచి పోయే రోడ్డు అక్కడిదాకా ఒకటే. ఖాళీ బండి కదా, నల్‌దుర్గ్ దాకా గాలికి తేలిపోయినట్టు నడిచింది. ఉమర్గా దగ్గర టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. పక్కకు ఆపి, ఇంజన్ చల్లారేదాకా ముప్పావు గంట వేపచెట్టు కింద కూర్చుని రొట్టెలు తిన్నాం. రేడియేటర్ గొట్టం క్లిప్పు వదులైంది. మెకానిక్ బిగించి, నీళ్లు పోశాడు. హుమ్నాబాద్ దాటి జహీరాబాద్‌లో తెలుగు బోర్డు కనిపించగానే ఇంటికి ఫోన్ చేశాను. పటాన్‌చెరు దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి, పెద్ద అంబర్‌పేటలో దిగి, రాత్రి పదకొండున్నరకి షాపు ముందు ఆపాను. మా ఆవిడ హారతి పళ్లెంతో గుమ్మంలోనే నిలబడి ఉంది.

ఇప్పుడు నంబరు టీజీ 29. శ్రావణమాసంలో ఒక్క ముహూర్తానికీ సామాను ఆలస్యం కాలేదు. గేర్ రాడ్ మీద చద్దరు ముక్క అట్లాగే ఉంచాను. మొన్న రాఖీ పున్నమికి మార్కండేయుడి రథం చూసి వచ్చి ఆయన ఫోన్ చేశారు. బాగోగులు అయ్యాక, "సెకండ్ గేర్ ఎట్లుంది?" అని అడిగారు.

"పొద్దున కొంచెం గీరుతుందన్నా."

"జనగామ రోడ్డు ఎక్కేలోపు సర్దుకుంటదిలే" అన్నారు.

నిజంగానే సర్దుకుంటుంది.