పాత ఎక్స్‌పీకి కొత్త డబ్బా: నా అనుభవం

అల్లిపురంలో మాది చిన్న డీటీపీ షాపు. 2019 ఆషాఢం చివర్లో, సరిగ్గా శ్రావణం ముహూర్తాల పెళ్లి కార్డులు వచ్చిపడే టైంలో, మా పాత సిస్టమ్ ఇరవై నిమిషాలకోసారి ఆగిపోవడం మొదలెట్టింది. మూత విప్పితే మదర్‌బోర్డు మీద నాలుగు కెపాసిటర్లు ఉబ్బిపోయి ఉన్నాయి. ఒకదాని నెత్తి మీద గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. స్క్రూలకు తుప్పు సరేసరి, సముద్రపు గాలికి విశాఖలో ఏ డబ్బా అయినా అంతే.

"ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేసేద్దాం బాబాయ్" అన్నాడు రిపేరు కుర్రాడు. వాడికేం పోయింది! అందులో ఉన్నది ఎక్స్‌పీ (పాత విండోస్), పేజ్‌మేకర్ 7 (కార్డులు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్), అను అనే తెలుగు ఫాంట్లు. అవి ఏ సిస్టమ్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ ఫాంట్లు కావు. ఆ ఫాంట్లు లేని చోట ఫైలు తెరిస్తే "చి.ల.సౌ." కాస్తా పిచ్చి గీతలైపోతుంది. పన్నెండేళ్ల కార్డులన్నీ అందులోనే ఉన్నాయి. పేజ్‌మేకర్ సీడీ చూస్తే గీతలు పడి ఎందుకూ పనికిరాకుండా ఉంది. అందుకే విండోస్‌ని ఉన్నదున్నట్టు ఇంకో సిస్టమ్‌లోకి దించాలనుకున్నాను.

ద్వారకానగర్‌లో సెకండ్ హ్యాండ్ కోర్ టూ డుయో (పాత ఇంటెల్ ప్రాసెసర్) సిస్టమ్ ఒకటి తెచ్చాను. కావాలనే పాతది కొన్నాను, కొత్త బోర్డులకు ఎక్స్‌పీ డ్రైవర్లు దొరకవు. ముందు 80 జీబీ డిస్కు మొత్తాన్ని క్లోనెజిల్లా అనే డిస్కు కాపీ సాఫ్ట్‌వేర్‌తో ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ తీశాను. ఇది చేయకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోకండి.

పాత డిస్కుని కొన్న సిస్టమ్‌లోకి మార్చి ఆన్ చేశాను. విండోస్ లోగో వచ్చింది, నీలి తెర ఒకటి తళుక్కుమంది, మళ్లీ మొదటికి. ఎఫ్8 నొక్కి ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆపితే అప్పుడు తెర నిలబడింది. సున్నాల వరుస చివర 7బి. అంటే విండోస్‌కి తన డిస్కే తనకు కనబడట్లేదన్నమాట. 2001 నాటి ఎక్స్‌పీకి ఏహెచ్‌సీఐ (డిస్కుతో మాట్లాడే కొత్త పద్ధతి) సంగతి తెలియదు కదా అని బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల్లో, సాటా మోడ్‌ని ఐడీఈ అనే పాత పద్ధతికి మార్చాను. అయినా అదే నీలి తెర! కస్టమర్లు ఫోన్ల మీద ఫోన్లు. ఆ రాత్రి టెన్షన్‌తో అన్నం కూడా సరిగ్గా తినలేదు.

చదివితే తెలిసింది: ఎక్స్‌పీ బూట్ అయ్యేటప్పుడు పాత బోర్డులో డిస్కుని నడిపే కంట్రోలర్ డ్రైవర్‌నే పట్టుకుని కూర్చుంటుంది. దాన్ని పాత సిస్టమ్‌లో ఉండగానే మార్చాలి. పాత సిస్టమ్‌ని రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున్నే డిస్కు మళ్లీ దానికే తగిలించాను. ఇరవై నిమిషాలే టైం. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ కంట్రోలర్ దగ్గర కంపెనీ డ్రైవర్ తీసేసి "స్టాండర్డ్ డ్యూయల్ చానల్ పీసీఐ ఐడీఈ కంట్రోలర్" అనే మామూలు డ్రైవర్ ఎంచుకున్నాను. రీస్టార్ట్ చేయమని అడిగింది. చేయకుండా షట్‌డౌన్ కొట్టాను. అక్కడ రీస్టార్ట్ అయితే పాత డ్రైవర్‌నే మళ్లీ వెతికి పెట్టేసుకుంటుందని నా భయం.

డిస్కు మళ్లీ కొన్న సిస్టమ్‌లో పెట్టి ఆన్ చేశాను. ఈసారి నీలి తెర లేదు. తెర నిండా బండ బండ అక్షరాలతో డెస్క్‌టాప్ వచ్చింది. డిస్‌ప్లే, సౌండ్ డ్రైవర్లు వేయడం అరగంట పని.

చివరికి ఇంకో మెలిక: హార్డ్‌వేర్ మారిపోయింది, 3 రోజుల్లో మళ్లీ యాక్టివేట్ చేయండని మెసేజ్. నాది విడిగా కొన్న ఎక్స్‌పీ కాబట్టి సరిపోయింది. సిస్టమ్‌తో పాటు వచ్చే లైసెన్స్ అయితే ఆ సిస్టమ్‌కే కట్టుబడి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లకి ఫోన్‌లో అంకెలు చదువుతూ, వాళ్లు చెప్పినవి కొడుతూ పావుగంట. మధ్యలో ఒక అంకె తప్పు కొట్టి మళ్లీ మొదటి నుంచి.

2014 ఏప్రిల్ నుంచి ఎక్స్‌పీకి అప్‌డేట్లు లేవు కాబట్టి నెట్ వైరు మాత్రం తగిలించలేదు. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోనే. మధ్యాహ్నానికి గోపాలపట్నం వాళ్ల కార్డు ప్రింటిచ్చాను. "చి.ల.సౌ." చెక్కు చెదరలేదు.