ఏం లేదు

పొద్దున మెలకువ వచ్చింది అలారానికి కాదు, పక్కనుంచి కొడుతున్న వెలుతురుకి. దుప్పటి లోపల మా ఆయన ఫోను. టైము చూస్తే 5:50. ఈ వేళప్పుడు ఎవరూ లేచి కూర్చుని ఆఫర్ లెటర్ పంపరని తనకీ తెలుసు. అయినా బొటనవేలితో తెరని కిందికి లాగుతాడు. చిన్న చక్రం గిరగిరా తిరిగి ఆగుతుంది. మళ్ళీ లాగుతాడు.

"ఏమైనా వచ్చిందా?" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"లేచావా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

తను చదువు ముగించుకుని బయటికొచ్చి ఐదు నెలలు. మొదట్లో సరదాగానే ఉండేది, ఇద్దరం కూర్చుని ప్రకటనలు చదివి నవ్వుకునేవాళ్ళం. 'ఫ్రెషర్లు మాత్రమే. కనీసం 2 ఏళ్ళ అనుభవం తప్పనిసరి.' ఆ రెండు వాక్యాలూ ఒకదాని కిందే ఇంకొకటి ఉండేవి, రాసినవాళ్ళకి సిగ్గనిపించలేదు కాబోలు. ఇప్పుడు అలాంటివి కనబడినా తను నాకు చూపించడం మానేశాడు.

తనకో ఎక్సెల్ షీటు ఉంది. సంస్థ, పోస్టు, అప్లై చేసిన తేదీ, జవాబు. నిన్నటికి 63 వరసలు. వద్దన్నవి ఎర్రవి, 21. ఇంటర్వ్యూ దాకా వెళ్ళినవి పచ్చవి, 4. మిగిలిన 38 తెల్లగా ఉన్నాయి, అంటే ఉలుకూ పలుకూ లేదు. ఎరుపు కన్నా తెలుపే ఎక్కువ బాధ పెడుతుందంటాడు. వద్దన్నవాడు కనీసం చూసి వద్దన్నాడు కదా, ఇది గోడకి ఉత్తరం రాసినట్టు ఉందంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

తన "ఏం లేదు"లు ఇప్పుడు నాకు విడివిడిగా తెలుస్తాయి. గబుక్కున అనేస్తే నిజంగానే ఏం లేదు. కాస్త సాగదీసి అంటే ఏదో వచ్చింది, అది మంచిది కాదు. "ఏం లేదులే" అన్నాడంటే మాత్రం గంటసేపు ఆ గదిలోకి వెళ్ళకపోవడం మంచిది.

ఈ రోజు పదకొండున్నరకి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఐదో పచ్చ వరస. నిన్న రాత్రి తను నిద్రపోయాక లేచి, హాల్లో దీపం తగ్గించి, ఆ లేత నీలం చొక్కా ఇస్త్రీ చేశాను. కాలరు రెండుసార్లు. మడతపెట్టి పైకి కనబడేలా ఉంచలేదు, అలమరలో మిగతా చొక్కాల మధ్యే, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు తగిలించాను. పొద్దున తను తలుపు తీసి దాన్నే లాక్కున్నాడు. "ఇది బాగానే ఉందే" అని తనలో తనే అనుకున్నాడు. నేను జడ వేసుకుంటూ అద్దంలోంచి చూసి లోలోపల పొంగిపోయాను.

ఈ దొంగతనం ఎందుకంటే, దానికో కథ ఉంది.

రెండు నెలల కిందట నేను చాలా ఘనమైన భార్యని. ఫ్రిజ్ మీద టైంటేబుల్ అంటించాను. తొమ్మిదికి అప్లికేషన్లు, పదకొండుకి ప్రిపరేషన్, నాలుగుకి కొత్త కోర్సు. ఆదివారాలు మాక్ ఇంటర్వ్యూలు. సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, "మీ బలహీనతలేమిటి?" అని నిజంగా అడిగాను. ఆఫీసునుంచి మధ్యాహ్నం మెసేజ్, సాయంత్రం మెసేజ్. పడుకునేముందు "నీకు రాకపోతే ఇంకెవరికొస్తుంది" అని ఒక డోసు. ఓ ఆదివారం తను మాక్ ఇంటర్వ్యూ మధ్యలో లేచి నిలబడి, గొంతు పెంచకుండా అన్నాడు: "నాకింకా ఉద్యోగమే రాలేదు, అప్పుడే మేనేజర్ వచ్చింది."

ఆ రోజు బాగా ఏడ్చాను. అంత చేస్తుంటే ఇదా బహుమానం అని. కోపంతో నెట్‌లో వెతుకుతుంటే ఒక పరిశోధన గురించి దొరికింది. నియాల్ బోల్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి 2000లో ప్రచురించినది. న్యూయార్క్ రాష్ట్రంలో లాయర్లు కావడానికి బార్ పరీక్ష రాయాలి. ఆ పరీక్షకి చదువుతున్నవాళ్ళ చేత, వాళ్ళ జీవిత భాగస్వాముల చేత, రోజూ విడివిడిగా డైరీ రాయించారట. ఈ రోజు సాయం చేశావా అని ఒకరిని, సాయం అందిందా అని రెండోవారిని. తేలిందేమిటంటే, "అందింది" అని పరీక్ష రాసేవాళ్ళు రాసుకున్న రోజుల తర్వాత వాళ్ళ దిగులు తగ్గకపోగా పెరిగిందట. రెండోవాళ్ళు చేశామని రాసి, వీళ్ళు మాత్రం గమనించని రోజులున్నాయే, అప్పుడే మనసు కాస్త కుదుటపడిందట. కనబడే సాయం "నువ్వు కష్టంలో ఉన్నావు, నీ వల్ల కావడం లేదు" అని కూడా చెప్తుంది కాబట్టి ఇలా అవుతుందేమోనని వాళ్ళ ఊహ.

నాకది చదివాక ఎవరో చెంప మీద కొట్టి నీళ్ళిచ్చినట్టయింది. టైంటేబుల్ చింపేశాను. (ఫ్రిజ్ మీద ఆ టేపు మరక ఇంకా ఉంది, ఎంత గోకినా పోవడం లేదు.) అప్పట్నుంచి నాది దొంగసాయం.

నిజం చెప్పాలంటే ఇది ఏమంత హాయిగా లేదు. చేసింది ఎవరికీ తెలియకూడదంటే మెప్పు కూడా వదులుకోవాలి. నేనేమీ యోగినిని కాను. తను "ఈ మధ్య నువ్వు పట్టించుకోవడం లేదు" అంటే ఏం చేయాలో నాకిప్పటికీ తెలియదు. పైగా కొన్నిసార్లు కనబడే సాయమే చేయాలి. రెజ్యూమే సంగతి అలాంటిదే. తను ఎంతో ముచ్చటగా రెండు కాలమ్స్‌గా, పక్కన చిన్న చిన్న బొమ్మలతో చేసుకున్నాడు. చాలాచోట్ల రెజ్యూమేని మనిషికన్నా ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది, టేబుళ్ళూ కాలమ్సూ ఉంటే అది తికమక పడొచ్చు. చెప్తే వినడని, అందులో అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూపించాను. డిగ్రీ పాసైన సంవత్సరం వెళ్ళి ఫోన్ నంబరుకి అతుక్కుంది. ప్రాజెక్టు పేరు హాబీల్లో తేలింది. తను రెండు నిమిషాలు అలా చూసి, పకపకా నవ్వి, ఆ రాత్రే ఒకే కాలమ్‌లో మార్చాడు. అన్ని ఎరుపులకీ అదే కారణమని కాదు. కానీ చేతిలో మార్చుకోగలిగింది ఒకటి దొరికితే మనిషికి ఊపిరాడుతుంది.

సరే, ఈ రోజు సంగతి.

పదకొండున్నరకి నేను మీటింగులో ఉన్నాను. 'ఆల్ ది బెస్ట్' అని టైప్ చేశాను, చెరిపేశాను. ఒక బొమ్మ పెడదామనుకున్నాను, అదీ చెరిపేశాను. తనకి నా పేరు పక్కన 'టైపింగ్' అని వచ్చీ పోయీ కనబడిందేమో, ఖర్మ. పన్నెండైంది. ఒంటిగంట. ఏ కబురూ లేదు. మూడింటికి ఒక్క మాట వచ్చింది: 'వాయిదా.'

తర్వాత తెలిసింది, పదకొండు ఇరవైకి మెయిల్ వచ్చిందట. ప్యానెల్‌లో ఒకరికి కుదరలేదు, గురువారం ఇదే సమయానికి పెట్టుకుందాం, అంతే. పది నిమిషాల ముందు. వాళ్ళకది క్యాలెండర్‌లో ఒక గడిని పక్కకి జరపడం. తను నాలుగు రోజులుగా నిద్ర మానుకుని ఆ గడికోసం సిద్ధమయ్యాడు.

ఏడింటికి ఇంటికొచ్చేసరికి హాల్లో తను కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పైన ఆ నీలం చొక్కా, కాలరు బొత్తాం దాకా పెట్టుకుని. కింద పాత నిక్కరు. ఎదురుగా లాప్‌టాప్ మూసేసి ఉంది. పొద్దుటినుంచీ అలాగే ఉన్నాడా అని అడగలేదు. మోచేతుల దగ్గర ముడతలు చూస్తేనే తెలుస్తోంది.

"ఏమైంది?" అంటే "ఏం లేదులే" వస్తుంది. "పోనీలే, గురువారం ఉందిగా" అంటే ఇంకా ఘోరం. చెప్పులు విప్పుతూ నిలబడ్డాను. వంటింట్లో ట్యూబ్‌లైటు వారం నుంచీ మిణుకుమంటోంది. నేనే మార్చగలను, ఎన్నోసార్లు మార్చాను. కానీ, "ఆ లైటు కాస్త చూడవూ, తలనొప్పొస్తోంది" అన్నాను.

తను లేచాడు. స్టూలు తెచ్చాడు. చొక్కా విప్పి కుర్చీకి తగిలించాడు. పైకెక్కి ట్యూబు తిప్పుతూ, అటు మొహం పెట్టుకునే మాట్లాడడం మొదలుపెట్టాడు. నేను స్టూలు పట్టుకుని నిలబడ్డాను. మెయిల్ చూడగానే ముందు హమ్మయ్య అనిపించిందట. ఆ తర్వాత, హమ్మయ్య అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసిందట. ఇంతకాలం ఉద్యోగం రాదని భయపడుతున్నానా, వస్తే చేయలేనని భయపడుతున్నానా తెలియడం లేదన్నాడు. నేను ఊ కొట్టాను. స్టూలు కాళ్ళు గట్టిగా పట్టుకున్నాను. ఎదురుబొదురుగా కూర్చుని ఉంటే ఆ మాట బయటికొచ్చేది కాదు.

రాత్రి పడుకునేముందు మామూలుగా అడిగినట్టు అడిగాను: "మీ ప్రాజెక్టు బ్యాచ్‌లో ఒకతను ఉండేవాడు చూడు, ఎప్పుడూ లేటుగా వచ్చేవాడు, ఇప్పుడేం చేస్తున్నాడు?" ఇదీ దొంగసాయమే. మార్క్ గ్రానొవెటర్ అని ఒక సామాజిక శాస్త్రవేత్త 1973లోనే రాశాడు, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని అడిగితే, తరచూ కలిసేవాళ్ళ వల్ల దొరికింది నూటికి దాదాపు 17 మందికే. అప్పుడప్పుడు కలిసేవాళ్ళ వల్ల దాదాపు 56 మందికి, ఎప్పుడో గాని కలవనివాళ్ళ వల్ల దాదాపు 28 మందికి. దగ్గరివాళ్ళకి తెలిసినవి మనకీ తెలిసినవే కదా మరి. ఈ లెక్క నేను తనకి చెప్పను. చెప్తే మళ్ళీ మేనేజర్‌ని అవుతాను.

"వాడా? ఏమో. రెండేళ్ళయింది మాట్లాడి" అన్నాడు. కాసేపటికి ఫోను వెలుతురు. ఈసారి తెర కిందికి లాగడం లేదు, ఏదో టైప్ చేస్తున్నాడు. చెరుపుతున్నాడు. టైప్ చేస్తున్నాడు. నేను అటు తిరిగి పడుకున్నాను.

"ఏయ్" అన్నాడు చీకట్లో.

"ఊ."

"ఆ నీలం చొక్కా రాత్రి నువ్వే ఇస్త్రీ చేశావు కదూ?"

"నేనెందుకు చేస్తాను? అది ముందే అలా ఉంది."

"సరేలే" అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "గురువారానికి నేనే చేసుకుంటాను. ఎడమ చేతి మడత నీకెప్పుడూ వంకరే వస్తుంది."