బోరు నీళ్లు గిట్టని మొక్కలు

పురుగులను పట్టి తినే మొక్క వీనస్ ఫ్లైట్రాప్. నేను పెంచిన మొదటిది ఆరు వారాలు కూడా బతకలేదు. బెంగళూరు మారతహళ్లిలోని మా మూడో అంతస్తు బాల్కనీలో తులసి, కరివేపాకు కుండీల మధ్య దానిని పెట్టి, వాటికి పోసే బోరు నీళ్లే దీనికీ పోశాను. ఆకులు నల్లబడుతుంటే, కడప నుండి వచ్చిన మా అత్తయ్య జాలిపడి బియ్యం కడిగిన నీళ్లు పోయసాగారు. "దినామూ పోస్తానే ఉండాను, ఇదేందమ్మా ఇట్ల మాడిపాయ?" అని ఆమె అడిగే నాటికి లోపలి దుంప కుళ్లిపోయింది.

ఆమెను తప్పుపట్టలేను. ఈ మొక్క పుట్టిల్లు అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినాల తీరంలోని చిత్తడి నేల. ఆమ్లగుణం గల ఆ నేలలో నత్రజని, భాస్వరం చాలా తక్కువ కాబట్టి ఆ లోటును ఆకులు పురుగులను పట్టి తీర్చుకుంటాయి. వేళ్లు మాత్రం లవణాలు ఎక్కువగా ఉన్న నీటిని తట్టుకోలేవు. తిండిని ఇతర మొక్కల్లాగే ఎండలో అది స్వయంగా తయారు చేసుకుంటుంది, పురుగు దానికి ఎరువు లాంటిది. అందుకే రోజుకు నాలుగైదు గంటల ఎండ తగలని చోట ఎన్ని ఈగలు మేపినా ప్రయోజనం ఉండదు.

రెండో మొక్క కొనే ముందు, నీటిలో కరిగి ఉన్న లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు కొన్నాను. ఈ మొక్కలకు 50 లోపు ఉండాలంటారు. మా బోరు నీటిలో అది 640 చూపింది. ఆర్ఓ నీరైనా సరిపోతుందనుకుంటే, రుచి కోసం కొంత మామూలు నీటిని తిరిగి కలిపే ఏర్పాటు మా యంత్రంలో ఉండటం వల్ల 85 వచ్చింది. చివరికి మేడపై బకెట్లు పెట్టి పట్టిన వాన నీరే గతి అయింది. బెంగళూరులో మే నుండి అక్టోబరు దాకా దానికి కొరత లేదు, వేసవిలో బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్ కొంటాను. కుండీలో ఎర్రమట్టికి, కంపోస్టుకు చోటు లేదు: పీట్ మాస్ (కుళ్లిన నాచు), పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) కలిపి, కుండీ అడుగు ఎప్పుడూ అంగుళం నీటిలో ఉండేలా పళ్లెంలో నిలపాలి.

ఈగ వాలినప్పుడు తీరిగ్గా కూర్చుని చూడాలి. బోనులా పనిచేసే ఆకు తెరుచుకుని ఉన్నప్పుడు, దాని ఒక్కో రెక్కపై సాధారణంగా మూడేసి సన్నని రోమాలుంటాయి. ఒకసారి తగిలితే ఏమీ కాదు. ఇరవై సెకన్లలోపు రెండోసారి తగిలితేనే, రెప్పపాటు కంటే వేగంగా బోను మూసుకుంటుంది. వాన చుక్కకు మోసపోకుండా ఇది లెక్కపెట్టుకుంటుందన్నమాట. లోపల పురుగు ఇంకా కదులుతూ ఉంటేనే జీర్ణరసాలు ఊరుతాయి, వారం పది రోజుల తరువాత డొల్ల మాత్రం మిగులుతుంది. పిల్లలు సరదాకు పుల్లతో పొడిస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే ఒక్కో బోను జీవితంలో కొన్నిసార్లే మూసుకోగలదు.

కొత్తవారికి మాత్రం నేను డ్రోసిరా బర్మానీ అనే మరో పురుగులు తినే మొక్కను సూచిస్తాను. మన దేశపు మొక్కే, రూపాయి బిళ్లంత ఉంటుంది, రాలిన గింజల నుండి తానే మొలుస్తుంది, దోమలను జిగురు చుక్కలతో పట్టుకుంటుంది. బడిలో మనమందరం బొమ్మ గీసిన నెపెంథిస్‌లలో (కూజా లాంటి ఆకులతో పురుగులను పట్టే మొక్కలు) మన దేశంలో సహజంగా పెరిగేది మేఘాలయలోని నెపెంథిస్ ఖాసియానా ఒక్కటే. అడవి నుండి తెచ్చినది ఎవరిచ్చినా తీసుకోకండి, నర్సరీలో పెంచిన సంకరజాతులు చాలు.

ఫ్లైట్రాప్‌కు ఏటా మూడు నెలల చలినిద్ర కావాలి. బెంగళూరు డిసెంబరు చలి దానికి సరిపోతుందని కొందరంటారు కానీ నాకు నమ్మకం కుదరలేదు. అందుకే దుంపను కడిగి, తడి స్ఫాగ్నమ్ నాచులో చుట్టి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచుతాను. తెల్లగా, పొరలు పొరలుగా కనిపించే ఆ దుంపను చూసి పొరపడకుండా కిందటేడు డబ్బాపై "ఇది తెల్లగడ్డ కాదు" అని రాసి అంటించాను. అత్తయ్య మూత తీసి, వాసన చూసి, "దీనికి ఇప్పుడన్నా నీళ్లు పోయొచ్చునా?" అని అడిగారు.