ఆ తోలు బకెట్

పెన్సిల్వేనియాలో మేముండే చిన్న ఊళ్లో మొన్న ఆదివారం ఫైర్ స్టేషన్ వాళ్లు విరాళాల కోసం పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్ పెడితే పాపని తీసుకుని వెళ్లాను. ఆరేళ్లుగా ఆ వీధిలోనే తిరుగుతున్నాను, కానీ అక్కడ ఎవరికీ జీతం లేదని నాకు మొన్నే తెలిసింది. ప్లంబర్, స్కూల్ టీచర్, బ్యాంకు ఉద్యోగి, అందరూ వాలంటీర్లే.

అద్దాల బీరువాలో పాత తోలు బకెట్ ఒకటి ఉంది. కుట్లు ఊడిపోయాయి, అడుగు నల్లబడింది, మీద రంగుతో రాసిన పేరు మాత్రం ఇంకా చదవొచ్చు. మంట ఆరాక ఎవరి బకెట్ వాళ్లు వెతుక్కోవాలి కదా, అందుకట ఆ పేరు.

1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, స్నేహితులు కలిసి యూనియన్ ఫైర్ కంపెనీ అని మంటలార్పే వాలంటీర్ల దళం పెట్టుకున్నప్పుడు తోలు బకెట్లు, ఇంట్లో సామాన్లు బయటికి మోయడానికి గట్టి సంచులు, బుట్టలు ప్రతి సభ్యుడూ సిద్ధంగా ఉంచుకోవాలని రాసుకున్నారు. నెలకోసారి మీటింగ్. రానివాళ్లు కట్టిన జరిమానాలతో నిచ్చెనలు, కొక్కేలు, ఫైరింజన్లు కూడా కొన్నారు. మా అమ్మమ్మ ఊళ్లో పూరిళ్లు అంటుకుంటే బావి దగ్గర్నుంచి బిందెలు చేతులు మారడం గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

అంతలో పేజర్లు మోగాయి. పెనం దగ్గరున్నాయన గరిటె పాప చేతిలో పెట్టి పరుగెత్తాడు. అరగంటకి తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, పాపని అడిగాడు, ఇంకోటి వేయనా అని.