మైకు నుంచి మార్కు దాకా

మన బడి వార్షికోత్సవ నాటకాల్లో ఆడినవాళ్లందరికీ ఒక అలవాటు ఉమ్మడి. డైలాగు రాగానే కాళ్లు వాటంతట అవే మైకు వైపు నడుస్తాయి. ఆ రోజుల్లో హన్మకొండలో బడి స్టేజీకి ఒక్కటే మైకు, నట్టనడుమ స్టాండు మీద. రాజైనా భటుడైనా, కత్తిపోటు తిన్నా సరే, ముందు మైకు దగ్గరికి రావాలి, మాట చెప్పాలి, మళ్లీ తన చోటికి పోయి చావాలి. సార్లకు వేరే దారి లేదు. గ్రౌండు చివర నిలబడ్డ తల్లిదండ్రులకు మాట అందాలి కదా. ఆ స్టేజీ మీంచి సినిమాల్లోకి, సీరియళ్లలోకి పోదామనుకునే పిల్లలు ఇప్పటికీ ప్రతి బ్యాచీలో ఇద్దరు ముగ్గురు తేలుతున్నారు. ఈ సంచికలో ఈ నాలుగు పేజీలు వాళ్ల కోసం.

ఏ పాత్రయినా వేయగలడు అంటే వేషం మార్చేవాడని అనుకుంటాం. వేషం మేకప్‌మన్ మారుస్తాడు. నటుడు మార్చాల్సింది మోతాదు. ఒగ్గుకథ చూసి పెరిగిన మనవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. జనగామ వైపు ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య గారి పేరు ఎరగనివారు లేరు. ఒగ్గు కథకుడు ఒక్క బట్టను తలమీదికి లాక్కుంటే తల్లి, నడుముకు చుట్టుకుంటే కొడుకు. మధ్యలో తెర లేదు, మేకప్ లేదు. మారేదల్లా నిలబడే తీరు, మాట వేగం. వరంగల్ మట్టెవాడలో 1932లో పుట్టిన మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారు అదే పనిని ఒక్క గొంతుతో చేసి, 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చేదాకా వెళ్లారు. మిమిక్రీ నేర్చుకునేవాళ్లు గొంతు కన్నా ముందు పట్టాల్సింది ఎదుటి మనిషి ఊపిరి ఎక్కడ తీసుకుంటాడన్నది. నటనకూ అదే మొదటి పాఠం. ఇక కరీంనగర్‌లో 1909లో పుట్టిన పైడి జైరాజ్ గారు బొంబాయి వెళ్లి మూకీల్లో మొదలుపెట్టి, టాకీలు రాగానే భాష రాక చాలామంది వెనకబడ్డ చోట నిలదొక్కుకున్నారు. చారిత్రక వీరుల పాత్రలు వేశారు, వయసు మీదపడ్డాక చిన్న పాత్రలూ వేశారు. 1980 సంవత్సరానికి ఫాల్కే పురస్కారం అందుకున్నారు. పరికరం మారినప్పుడల్లా పని మళ్లీ నేర్చుకుంటేనే అంత పొడుగు నడక సాధ్యం.

కెమెరా ముందు మొదట వదలాల్సింది ఆ మైకు నడకే. అక్కడ నేల మీద టేపు ముక్క అంటించి ఇది నీ మార్కు అంటారు. ఫోకస్ చూసే మనిషి ఆ ముక్కకే దూరం కొలిచి పెట్టుకుంటాడు. క్లోజప్‌లో జానెడు ముందుకొచ్చినా కళ్లు మసకబారతాయి. పోనీ కిందికి చూసి మార్కు వెతుక్కుందామంటే ఆ చూపు షాట్‌లో పడుతుంది. అందుకే ముందు మార్కు మీద నిలబడి, షాట్ మొదలయ్యే చోటికి వెనక్కి నడుస్తూ అడుగులు లెక్కపెట్టుకుంటారు. వెనక్కి వేసే అడుగు పొట్టిది కాబట్టి, ఒకసారి ముందుకు నడిచి సరిచూసుకోవడం మరవొద్దు. ఐదడుగులని తేలితే టేక్‌లో ఐదో అడుగుకు కాలు తనే ఆగుతుంది.

తర్వాతది చూపు. ఎదుటి మనిషి రెండు కళ్లనూ మార్చి మార్చి చూడటం మామూలు జీవితంలో ఎవరికీ పట్టదు. క్లోజప్‌లో మాత్రం కనుపాపలు అటూ ఇటూ దొర్లుతున్నట్టు తెర నిండా కనిపిస్తుంది. కెమెరాకు దగ్గరున్న ఒక్క కన్నునే చూడాలి. ఎదుటి నటుడు ఆ రోజు రాకపోతే అసిస్టెంట్ డైరెక్టర్ పిడికిలి పైకెత్తి లుక్ ఇక్కడ అంటాడు. ఆ పిడికిలిని చూస్తూ కన్నకూతురిని సాగనంపాలి. బడిలో ఇది ఎవరూ నేర్పరు.

చాయ్ గ్లాసు సంగతి కూడా తెలియాలి. సీనంతా ఒకేసారి పట్టే మాస్టర్ షాట్‌లో ఏ మాట మీద గ్లాసు ఎత్తారో, ఎదుటివాడి భుజం మీదుగా తీసే సజెషన్‌లోనూ క్లోజప్‌లోనూ అదే మాట మీద ఎత్తాలి. లేకపోతే ఆ షాట్లు అతకవు, ఎడిటర్ మీ మంచి టేక్‌ను పక్కన పడేస్తాడు. మాస్టర్‌లో చేతి పనులు తక్కువ పెట్టుకోవడం తెలివైన పని.

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. అక్కడి సీరియళ్లు వారానికోసారి, చాలావరకు 13 వారాలకు ముగిసేవి. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక రోజువారీ సీరియళ్ల కాలం మొదలైంది, నటుడి పనిదినమూ మారిపోయింది. అరగంటలో ప్రకటనలు పోను 20, 22 నిమిషాల కథ, వారానికి ఐదారు ఎపిసోడ్లు. అంటే షూటింగ్ ఉన్న రోజున కనీసం ఒక ఎపిసోడ్ సరుకు తీయాలి. సినిమాలో అదే రోజుకు రెండు మూడు నిమిషాల కథ వస్తే నయమే. సీను కాగితం చాలాసార్లు సెట్లోనే చేతికొస్తుంది, బట్టీ పట్టే తీరిక ఉండదు. దాంతో పుట్టిందే ప్రాంప్టింగ్. అసిస్టెంట్ కెమెరా పక్కన నిలబడి డైలాగును ముక్కలుగా గట్టిగా చదువుతాడు, నటుడు వెంటవెంట చెబుతాడు. గొంతు తర్వాత డబ్బింగ్‌లో పడుతుంది కాబట్టి ఆ చదువు చూసేవాళ్లకు వినపడదు.

స్టేజీ నుంచి వచ్చినవాళ్లు బోర్లా పడేది ఇక్కడే. చెవి ప్రాంప్టర్ వైపు పోతుంది, చెవి వెంట కళ్లూ పోతాయి. ప్రతి ముక్కకూ ముందు మొహం ఓ క్షణం ఖాళీ అవుతుంది, కనుబొమ్మలు లేస్తాయి. కోపంగా ఉండాల్సిన మనిషి వీధిలో ఎవరో పిలిస్తే విన్నట్టుంటాడు. దీనికి రెండు మందులున్నాయి. మాటలు కంఠతా రాకపోయినా పర్లేదు గానీ, సీను ఒక్కసారి పూర్తిగా చదివి ఈ మనిషి ఎవరి దగ్గర ఏం దాస్తున్నాడో పట్టుకోవాలి. అప్పుడు చెవిన పడే ముక్క సొంత ఆలోచనలా మొహం మీదికొస్తుంది. రెండోది, ముక్క ఎక్కడ తెగాలో ప్రాంప్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి. నాలుగైదు మాటలు, అదీ క్రియతో ముగియాలి. మన భాషలో అవునూ కాదూ రెండూ క్రియలోనే ఉంటాయి. "నేను ఈ ఇంట్లో" అని తెంచితే తర్వాత "ఉంట" అని వస్తుందో "ఉండ" అని వస్తుందో నటుడికి తెలియదు, రాగం తప్పు ఎత్తుకుంటాడు. క్రియ వినపడ్డాక దిద్దుకోవడానికి టైముండదు.

ఎదుటివాడి మాటకు మొహం మాత్రమే చూపించే రియాక్షన్ షాట్లను చూసి జనం నవ్వుతారు, నవ్వనీయండి. మాట లేకుండా ఐదారు సెకన్లు ఒకే మొహం నిలపడం కష్టం. కళ్లు పెద్దవి చేస్తే రెండో సెకనుకే అబద్ధమైపోతుంది. ఊపిరి లోపలికి తీసుకుని ఆపి, ఒక్క ఆలోచనను పట్టుకుని ఉంటే మొహం తన పని తాను చేసుకుంటుంది.

సీరియల్ నెలలో పది పదిహేను రోజుల షెడ్యూలు అడుగుతుంది. సినిమా ఔట్‌డోర్ దాని మీదికే వచ్చి కూర్చుంటుంది. డేట్లు నోటిమాటతో ఇవ్వొద్దు, డైరీలో రాసి మెసేజ్ పెట్టాలి. సినిమాకు గడ్డం కావాలి, సీరియల్‌కు నున్నగా గీసిన మొహం కావాలి. మధ్యేమార్గం అతికించే గడ్డం. చర్మం మీద జిడ్డు, చెమట ఉంటే గమ్ పట్టదు కాబట్టి ముందు స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. గమ్ పలుచగా రాసి, వేలితో తడుతూ తీగ సాగేదాకా ఆగాలి. తడి మీదే అద్దితే గడ్డం జారుతుంది, అంచు మెరుస్తుంది. నోరు కొంచెం తెరిచి అతికించుకోవాలి. మూసి అతికిస్తే మొదటి నవ్వుకే మూతి మూలలు లేస్తాయి. మే నెలలో ఓరుగల్లు కోట దగ్గర షూటింగ్ అయితే షాట్ షాట్‌కూ మూలలు చూసుకోవాల్సిందే. తీసేటప్పుడు లాగకుండా, రిమూవర్‌ను అంచు నుంచి కుంచెతో తడుపుతూ పోవాలి. లాగితే రేపటి క్లోజప్‌లో ఎర్రటి మచ్చలు మిగులుతాయి.

డబ్బు గురించి క్లుప్తంగా. సీరియల్‌లో రోజు లెక్క, సినిమాలో రోజు లెక్క గానీ పాత్ర మొత్తానికి గానీ. టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, 10 శాతం కోసి ఇస్తారు, రిటర్ను దాఖలు చేస్తేనే తిరిగొచ్చేది తెలుస్తుంది. పాత్ర ఇస్తాం, ముందు నువ్వే కొంత కట్టు అన్నవాడి ఫోను అక్కడే పెట్టేయాలి.

డబ్బింగ్‌లో అక్షరాల లెక్క ఉంటుంది. ప, బ, మ పలికితే పెదవులు కలుస్తాయి. తెర మీద అవి కలిసిన చోట మన గొంతులోనూ ఆ జాతి అక్షరమే పడాలి. "రాను" అన్న మొహం మీద "రాలేను" అని వేగంగా ఇమడ్చవచ్చు గానీ "పోను" అంటే వెంటనే దొరికిపోతుంది. మైకుకు జానెడు దూరం, మొహం కాస్త పక్కకు. ఎదురుగా నిలబడితే పకారం ఫట్‌మని పేలుతుంది. అరవాల్సినప్పుడు గొంతు తగ్గించొద్దు, ఒక అడుగు వెనక్కి వేయాలి. గాజులు, వాచీ, గరగరలాడే బట్ట బయటే వదలాలి. నిలబడి నింపాదిగా చెబితే పరుగెత్తే మనిషి గొంతు రాదు, ఒళ్లు కదలాలి. వెబ్ సిరీస్‌లలో, కొన్ని సినిమాల్లో ఇప్పుడు సింక్ సౌండ్ పెడుతున్నారు, అంటే షూటింగ్‌లో పలికిన గొంతునే రికార్డు చేసి వాడతారు. అక్కడ ప్రాంప్టింగ్ కుదరదు, బడి నాటకపు బట్టీయే అక్కరకొస్తుంది.

చివరగా మన యాస. చాలాకాలం అది రౌడీకో కామెడీకో దక్కేది. సిరిసిల్లకు చెందిన వేణు ఎల్దండి సినిమాల్లో, టీవీలో నవ్వించే పాత్రలు వేస్తూ వచ్చి 2023లో 'బలగం' తీశాక ఇంటి పెద్దకూ కన్నీటికీ కూడా ఆ యాస చెల్లుతుందని అందరికీ తెలిసింది. ఇప్పుడు ఆడిషన్లలో యాస అడుగుతున్నారు, అందరూ ఒకే తప్పు చేస్తున్నారు. ప్రతి మాటకూ ముందు "గ" తగిలిస్తున్నారు. "గట్ల", "గిప్పుడు" నిజమే గానీ యాస ఉండేది మాట తోకలో. "వస్తున్నాను" కాదు "వస్తున్న", "చేశాడు" కాదు "చేసిండు". తండ్రిని "బాపు" అని పిలిచే పాత్ర తర్వాతి వాక్యంలో "వెళ్లిపోయారు" అంటే ఊళ్లో ముసలమ్మ కూడా పట్టేస్తుంది. రాసినవాళ్లకు యాస రాకపోతే కాగితం మీద తోకలు తప్పే ఉంటాయి. డైరెక్టర్‌ను అడిగి, సీనుకు ముందే పెన్సిల్‌తో దిద్దుకుని, దిద్దిన కాగితం ఒక కాపీ ప్రాంప్టర్ చేతికీ ఇవ్వాలి. లేదంటే అతను పాతదే చదువుతాడు.