నెల్చినా నుంచి హీలీ దాకా: తోడేళ్ళ లెక్క

సెప్టెంబరు మొదటి వారంలో అలాస్కాలో టూరిస్టుల సందడి తగ్గి, మూస్ అనే భారీ జింక వేట మొదలవుతుంది. మాకు సెలవులు కుదిరింది అప్పుడే. ఆంకరేజ్‌లో అక్కా బావా ఉంటారు. దిగిన రోజు రాత్రి అక్క అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి దట్టించి మాంసం వేపుడు చేసింది. తిన్నాక చెప్పింది, అది పక్కింటాయన ఇచ్చిన మూస్ మాంసమని. అక్కడ వేటాడిన మూస్ మాంసాన్ని అమ్మకూడదు. తినాలి, లేదంటే పంచిపెట్టాలి. పెద్ద మగ మూస్ ఒకటి దొరికితే రెండువందల కిలోలకు పైనే మాంసం వస్తుంది. ఆ ఇంటి డీప్ ఫ్రీజర్ చలికాలమంతా నిండుగా ఉంటుంది.

వేటకు మూస్ లాంటివి ఎక్కువ దొరకడానికి తోడేళ్ళను చంపాలా వద్దా అని అలాస్కాలో పెద్ద గొడవ ఉంది. మాంసం సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తోడేళ్ళను చంపమనే వాళ్ళందరూ సరదాకి తుపాకీ పట్టినవాళ్ళే అనుకుంటే ఈ గొడవ ఒక్క ముక్క కూడా అర్థం కాదు.

మేం నేరుగా డెనాలి నేషనల్ పార్క్‌కు వెళ్ళకుండా గ్లెన్ హైవే మీదుగా తూర్పుకు వెళ్ళి, పాక్సన్ దగ్గర డెనాలి హైవే ఎక్కాం. పేరుకు హైవే గానీ 135 మైళ్ళలో చాలా భాగం కంకర రోడ్డే. రెండు వైపులా నేలంతా ఎర్రబారిన పొదలు, వాటి మధ్య అడవి బ్లూబెర్రీలు. దూరంగా మంచు కొండలు. కారు ఆపిన చోటల్లా వేటగాళ్ళ గుడారాలు, ట్రక్కులు, వాటి వెనకాల ట్రైలర్ల మీద నాలుగు చక్రాల బండ్లు. మధ్యాహ్నానికే ఒక ట్రక్కు వెనక భాగంలో పెద్ద కొమ్ములు కనిపించాయి. మా అబ్బాయి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

ఈ ప్రాంతాన్ని వేట లెక్కల్లో యూనిట్ 13 అంటారు. నెల్చినా కారిబూ మంద తిరిగేది ఇక్కడే. కారిబూ అంటే అక్కడి అడవి రెయిన్‌డీర్. ఆంకరేజ్ నుంచీ ఫెయిర్‌బ్యాంక్స్ నుంచీ కారులో రాగలిగిన దూరం కాబట్టి వేటగాళ్ళ ఒత్తిడి ఎక్కువ. 1994లో అలాస్కా శాసనసభ ఒక చట్టం చేసింది. మనుషులు ఎక్కువగా వేటాడుకునేలా మూస్, కారిబూ, జింకల సంఖ్యను పెంచి ఉంచడం ప్రభుత్వ బాధ్యత అని దాని సారాంశం. మందకు ఇంత సంఖ్య ఉండాలి, ఏటా ఇన్ని వేటకు దొరకాలి అని లక్ష్యాలు పెడతారు. లక్ష్యం తప్పితే దిద్దే మార్గాల్లో తోడేళ్ళనూ ఎలుగుబంట్లనూ తగ్గించడం ఒకటి. ఆ నిర్ణయం చేసేది గవర్నర్ నియమించే ఏడుగురు సభ్యుల బోర్డు. కొన్నిచోట్ల పర్మిట్ ఉన్నవాళ్ళు చిన్న విమానాల్లోంచి తోడేళ్ళను కాలుస్తారు. కొన్నిచోట్ల ప్రభుత్వ సిబ్బందే హెలికాప్టర్లలో వెళ్తారు.

మాది అనంతపురం వైపు. తోడేలంటే ఏమిటో మా ఇంట్లో పెద్దవాళ్ళకు బాగా తెలుసు. రాత్రి మందను ముళ్ళకంప దొడ్డిలో తోలి, కుక్కల్ని కట్టి, కాపరులు పక్కనే పడుకునేవాళ్ళు. ఒక్క గొర్రె పోయినా అది ఒక ఇంటి నష్టం. అయినా మన దేశంలో 1972 చట్టం కింద తోడేలును చంపడం నేరం. కాపరి కోపం నాకు అర్థమవుతుంది. అలాస్కాలో గొడవ ఎవరి గొర్రె గురించీ కాదు. కొండల్లో తనంతట తాను పుట్టి పెరిగిన మూస్‌ను ముందే మనుషుల వాటాలో రాసేసుకుని, తోడేలు తిన్నదాన్ని నష్టంగా లెక్క కట్టడం నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడలేదు.

క్యాంట్‌వెల్ చేరేముందు ఒక చోట ఆగి కాఫీ పెట్టుకుంటుంటే పక్క గుడారంలోంచి ఒక పెద్దాయన వచ్చి మాట కలిపాడు. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. చిన్నప్పటి నుంచీ ఇక్కడే వేటాడుతున్నాడట. నేను ఇండియా నుంచి వచ్చానని తెలిసి పులుల గురించి అడిగాడు, నేను తోడేళ్ళ గురించి అడిగాను.

"మీరు సిటీలో కూర్చుని తోడేలును ఫొటోల్లో చూస్తారు. నేను ఏప్రిల్లో మంచు మీద కడుపుతో ఉన్న మూస్‌ని సగం తిని వదిలేయడం చూశాను," అన్నాడు. ఆ మాటలో నాటకం లేదు. "నేను వాటిని పూర్తిగా తుడిచెయ్యమనట్లేదు. మాకు ఇంకొన్ని దూడలు బతికితే చాలు."

దూడలు బతుకుతాయన్నది అబద్ధం కూడా కాదు. పశ్చిమాన మెక్‌గ్రాత్ అనే చిన్న ఊరి చుట్టూ 2003, 2004లో ఎలుగుబంట్లను పట్టి దూరంగా వదిలారు, తోడేళ్ళను బాగా తగ్గించారు. మూస్ దూడలు ఎక్కువ బతికాయి, మూస్ సంఖ్య పెరిగింది. శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. చిన్న ప్రాంతం, చాలా ఖర్చు, గట్టి కొలతలు. అక్కడ ఫలితం వచ్చింది. దాన్ని కాదనడం నిజాయితీ అనిపించుకోదు.

కానీ నేను నిలబడ్డ నేల సంగతి చూడండి. నెల్చినా మందకు పెట్టిన లక్ష్యం 35,000 నుంచి 40,000. యూనిట్ 13లో ఎన్నో ఏళ్ళుగా తోడేళ్ళను తగ్గిస్తూనే ఉన్నారు. మధ్యలో మంద లక్ష్యం దాటి పెరిగితే మేత సరిపోదని వేట పర్మిట్లు పెంచిన ఏళ్ళు కూడా ఉన్నాయి. ఆ తర్వాత వరసగా కఠినమైన చలికాలాలు వచ్చాయి. 2023 నాటికి మంద పదివేల లోపుకు పడిపోయి కారిబూ వేట మూసేశారు. లోతైన మంచును విమానంలోంచి కాల్చలేం కదా! ఆ పెద్దాయనతో ఇదే అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "మంచును నేను ఆపలేను, తోడేలును ఆపగలను," అన్నాడు చివరికి.

ఈ మొత్తం విధానం ఆ ఒక్క వాక్యంలోనే ఉందనిపించింది నాకు. కారణం ఏదైనా, చేతికి అందేది తోడేలు కాబట్టి దాని మీద పడతారు.

నైరుతి అలాస్కాలో ముల్చాట్నా మంద కథ ఇంకా కష్టంగా ఉంటుంది. 1990ల చివర్లో రెండు లక్షల దాకా పెరిగిన మంద, 2019 వచ్చేసరికి సుమారు 13,000కు దిగింది. 2021లో వేట పూర్తిగా ఆపేశారు. మందలో బ్రుసెల్లోసిస్ రోగం ఉందనీ మేత సమస్య ఉందనీ తెలుసు. అయినా 2023 వసంతంలో దూడలు పుట్టే చోట ప్రభుత్వ సిబ్బంది హెలికాప్టర్లలోంచి 94 గోధుమ రంగు ఎలుగుబంట్లను, 5 నల్ల ఎలుగుబంట్లను, 5 తోడేళ్ళను కాల్చారు. అక్కడ ఎలుగుబంట్లు ఎన్ని ఉన్నాయో సరైన లెక్క లేకుండానే ఇది జరిగిందన్నది ప్రధాన అభ్యంతరం. 2025 మార్చిలో కోర్టు ఆ కార్యక్రమం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. జులైలో బోర్డు మళ్ళీ ఆమోదించింది. ఆ మంద చుట్టూ ఉన్న యుపిక్ ఆదివాసుల పల్లెల్లో తిండికి కారిబూ మీద ఆధారపడ్డ కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళకు ఇది పొట్ట సమస్య. అందుకే అసలు కారణం ఏదో కొలవకుండా తుపాకీ ఎత్తితే వాళ్ళకు కూడా ద్రోహమే అంటాను.

డెనాలి నేషనల్ పార్క్‌లో లోపలి రోడ్డు 92 మైళ్ళు. 2021 ఆగస్టులో ప్రెటీ రాక్స్ దగ్గర కొండచరియ జారుడు ఎక్కువై, బస్సులు 43వ మైలు దగ్గర ఈస్ట్ ఫోర్క్ నది వరకే వెళ్తున్నాయి. చాలామంది ఇది విని ట్రిప్ మానుకుంటారు. మానుకోకండి. కొండల మీద తెల్లటి డాల్ గొర్రెలు, నది ఒడ్డున తల్లి ఎలుగు, రెండు పిల్లలు కనిపించాయి. తోడేలు కనిపించలేదు. బురదలో అడుగుల గుర్తులు మాత్రం డ్రైవర్ చూపించింది.

ఈ ఈస్ట్ ఫోర్క్ దగ్గరే అడాల్ఫ్ మ్యూరీ అనే శాస్త్రవేత్త 1940లో తోడేళ్ళ గుహకు ఎదురుగా కూర్చుని గంటల తరబడి వాటిని గమనించాడు. ఆయన్ను పంపిన కారణం వింటే ఆశ్చర్యమేస్తుంది. 1930ల మొదట్లో కఠినమైన చలికాలాల తర్వాత డాల్ గొర్రెలు బాగా తగ్గాయి. వేటగాళ్ళ సంఘాలు తోడేళ్ళను చంపమని పట్టుబట్టాయి. మ్యూరీ కొండలెక్కి వందల గొర్రె పుర్రెలు ఏరి, వయసులు కట్టి చూశాడు. తోడేళ్ళు ఎక్కువగా తిన్నది ముసలివాటినీ పిల్లల్నీ జబ్బువాటినీ అని తేలింది. 1944లో ఆ పరిశోధన అచ్చయింది. అంటే ఎనభై ఏళ్ళ క్రితమే ఒకడు మోకాళ్ళ మీద పాకి తెచ్చిన జవాబు ఉంది. నెల్చినాలో మళ్ళీ అదే ప్రశ్న అడుగుతున్నారు.

మ్యూరీ చూసిన గుంపు తరతరాలుగా శాస్త్రవేత్తల కళ్ళ ముందే బతికింది. 2016లో దాని జాడ లేకుండా పోయింది. పార్క్ లోపల వేట లేదు కదా అనుకుంటాం. మ్యాప్ చూస్తే తెలుస్తుంది. పార్క్‌కు ఈశాన్యాన, హీలీ ఊరి పక్కన, రాష్ట్రానికి చెందిన నేల పార్క్ లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది. చలికాలంలో కారిబూ అటు వెళ్తే తోడేళ్ళు వెనకాలే వెళ్తాయి. అక్కడ ఉచ్చులు పెట్టుకోవచ్చు. ఒకప్పుడు ఆ భాగంలో తోడేళ్ళ వేట నిషేధించిన పట్టీ ఉండేది. 2010లో బోర్డు దాన్ని తీసేసింది. 2012లో గ్రాంట్ క్రీక్ గుంపు తల్లి తోడేలు ఉచ్చులో పడితే, ఆ ఏడు ఆ గుంపులో పిల్లలే లేవు. బస్సుల్లో వెళ్ళేవాళ్ళకు తోడేలు కనిపించే అవకాశం 2010లో దాదాపు సగం ట్రిప్పుల్లో ఉంటే, 2013కు నూటికి నాలుగుకు పడిపోయింది.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. అక్కడ మూస్‌లు పెరగాలన్న సాకు కూడా లేదు. ఉచ్చులు పెట్టేది కొద్దిమంది. దానికి లక్షల మంది చూడాలనుకునే జంతువు, దశాబ్దాల పరిశోధన బలి. ప్రజలు వద్దనలేదా అంటే, అన్నారు. విమానంలో వెళ్ళి అదే రోజు దిగి తోడేళ్ళను కాల్చే పద్ధతికి వ్యతిరేకంగా 1996లో ఓటేశారు, 2000లో మళ్ళీ ఓటేశారు. శాసనసభ దారి తిరిగి తెరిచింది. 2008లో మూడోసారి ఓటింగ్ పెడితే ఆ నిషేధం ఓడిపోయింది.

ఆంకరేజ్ తిరిగొచ్చాక భోజనాల దగ్గర బావతో పెద్ద వాదన అయింది. "వేటగాళ్ళ లైసెన్సు డబ్బుతో, తుపాకుల మీద పన్నుతో వన్యప్రాణి శాఖ నడుస్తుంది. డబ్బు కట్టేవాడి మాట వినరా మరి?" అన్నాడు. నిజమే, 1937 నుంచీ అమెరికాలో తుపాకులు, తూటాల మీద వచ్చే పన్ను రాష్ట్రాల వన్యప్రాణి పనులకే వెళ్తుంది. అలాగైతే పార్క్‌కు వచ్చే మాలాంటి వాళ్ళ దగ్గర కూడా వసూలు చెయ్యండి, సంతోషంగా కడతాం, బోర్డులో మా తరఫున ఒక కుర్చీ ఇవ్వండి అన్నాను. అక్క నా వైపు. మూస్ వేపుడు మాత్రం అందరం తిన్నాం.

బోర్డుకు ఎవరైనా అభిప్రాయం రాసి పంపొచ్చు. అలాస్కా నివాసి కానక్కర్లేదు. ఆ రాత్రే కూర్చుని రాశాను. హీలీ పక్కన తీసేసిన పట్టీని తిరిగి పెట్టమన్నాను. ఏ మంద కోసమైనా ఒక్క తోడేలును చంపేముందు మేత, మంచు, రోగం కొలిచి ఆ లెక్కలు జనం ముందు పెట్టమన్నాను. ఒక్క దూడ కూడా తోడేలు పాలు కాకూడదని కోరే చట్టం మార్చమన్నాను. బావ చదివి, ఆ చివరిది చట్టంలో అలా లేదని కొట్టేయించాడు. చట్టం మాటల్నే యథాతథంగా పెట్టి, "మనుషుల వేట కోసం" అన్న చోట "మందల ఆరోగ్యం కోసం" అని మార్చమని రాసి పంపించాం.