లద్దాఖ్ చలికి డీజిల్ బండి ఆగిపోతే

ఈమధ్య డిసెంబర్, జనవరిల్లో కూడా హైదరాబాద్ నుంచి డీజిల్ బండ్లేసుకుని లద్దాఖ్, స్పితి వెళ్తున్న కుర్రాళ్లు ఎక్కువయ్యారు. లేహ్ దగ్గర నిమ్మూలో ఒక రోడ్డు కాంట్రాక్టర్ టిప్పర్లకీ, ప్రొక్లెయిన్లకీ మెకానిక్‌గా పనిచేశాను. అందుకే వాళ్లకి ఒకటి చెప్పాలనుంది. ఆ చలికి బండి ఆగితే అందరూ ముందు బ్యాటరీని అనుమానిస్తారు. సెల్ఫ్ బాగా తిరుగుతోందంటే బ్యాటరీ కాదు, డీజిల్ ఫిల్టర్ చూడండి.

డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. చలికాలం సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టు, ఆ మైనం సన్నటి పలుకులవుతుంది. ట్యాంకులో డీజిల్ అంతా గడ్డకట్టక్కర్లేదు, ఆ పలుకులు ఫిల్టర్ కాగితాన్ని మూసేస్తే చాలు. అందుకే పొద్దున బండి చక్కగా స్టార్టవుతుంది, పైపుల్లో ఉన్న డీజిల్‌తో కొంచెం దూరం పోతుంది, తర్వాత పికప్ పడిపోయి ఆగిపోతుంది. ఇప్పుడేగా బాగా నడిచిందని టెన్షన్‌లో సెల్ఫ్ కొడుతూనే ఉంటే ఆ చలికి బ్యాటరీ కూడా దిగిపోతుంది.

మైదానాల్లో అమ్మే చలికాలపు డీజిల్‌కే పోర్ పాయింట్, అంటే అంతకంటే చల్లబడితే డీజిల్ పారదనే హద్దు, 3 డిగ్రీల దాకా ఉండొచ్చు, వేసవి డీజిల్‌కైతే 15. లేహ్‌లో జనవరి రాత్రి మైనస్ 15 మామూలే, కార్గిల్ దగ్గరి ద్రాస్‌లో ఇంకా కిందికి పోతుంది. 2019 నవంబర్‌లో ఇండియన్ ఆయిల్ లద్దాఖ్ కోసం మైనస్ 33 దాకా పారే వింటర్ డీజిల్ తెచ్చింది. పానిపట్ రిఫైనరీలో తయారైంది. అక్కడివాళ్లకి అదెంత పెద్ద మేలో దగ్గరుండి చూస్తేగానీ తెలియదు. కాబట్టి కింద ట్యాంకు నిండా కొట్టించిన డీజిల్‌తో ద్రాస్‌లో రాత్రి ఆగొద్దు. పైకి చేరడానికి సరిపడా, కాస్త మిగిలేలా ఉంచుకుని, వింటర్ డీజిల్ ఉందా అని అడిగి అక్కడ నింపండి. గడ్డకట్టకుండా కలిపే మందు వాడాలనుకుంటే డీజిల్ తేటగా ఉన్నప్పుడే పోయాలి. పలుకులు కట్టాక పోస్తే అవి కరగవు.

కిరోసిన్ కలపమని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. పాత లారీలు తట్టుకున్నాయేమో. ఇప్పటి పొగ నిబంధనలకి (బీఎస్-6) తగ్గట్టు చేసిన బండిలో హైప్రెషర్ పంపు అరగకుండా కాపాడే నూనె డీజిలే, కిరోసిన్‌కి ఆ జిడ్డు లేదు. పంపు అరిగితే ఆ పొడి ఇంజెక్టర్లలోకి పోతుంది. దయచేసి ఆ పని చేయొద్దు.

ట్యాంకు కింద మంట పెట్టడం చూస్తే నాకిప్పటికీ భయమే. ఇప్పటి కార్లకి చాలావరకు ప్లాస్టిక్ ట్యాంకులు కూడా. మా సైట్‌లో జార్ఖండ్‌లోని దుమ్కా నుంచి వచ్చిన ఒక ఆపరేటర్ ఉండేవాడు, చాచా అని పిలిచేవాళ్లం. ఫిల్టర్‌కి గుడ్డ చుట్టి, కెటిల్‌తో వేడినీళ్లు కొంచెం కొంచెంగా పోసేవాడు. తర్వాత హ్యాండ్ పంపు కొట్టి ఎయిర్ తీసేవాడు. ఆ ఓపికే బండిని కాపాడేది. డీజిల్‌లోంచి నీళ్లని వేరుచేసే వాటర్ సెపరేటర్‌లో చేరిన నీళ్లు సాయంత్రమే వదిలేసేవాడు, లేకపోతే రాత్రికి అవే గడ్డకడతాయి.

ఒక ఫిల్టర్ అదనంగా తీసుకెళ్లండి, రాత్రి గదిలో పెట్టుకోండి. బండిని గాలి తగలని చోట, పొద్దుటి ఎండ బానెట్ మీద పడేలా నిలపండి. మరీ పొద్దున్నే బయల్దేరాలన్న ప్లాన్ పెట్టుకోకండి, ఎండ బాగా ఎక్కాకే కదలండి.